కుడివైపు గిటారు

"ఒక చెవి ఇంటికి ఉంచమ్మాయ్" అని మా అత్తగారు బాలాత్రిపురసుందరిగారు నాతో అని ఎనిమిదేళ్లయింది. కోప్పడుతూ అనలేదు. ఆవిడ ఏదీ కోప్పడుతూ అనరు. ఆ రోజు నేను రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బెండకాయలు తరుగుతున్నాను. నాలుగు కూతలకు కట్టేయాల్సిన కుక్కర్ ఏడు కూసింది, పప్పు అడుగంటింది. కొరియర్ అతను బెల్లు కొట్టి కొట్టి వెళ్లిపోయాడు. ఆవిడ హాల్లోంచి మూడుసార్లు పిలిచారట, నేను పలకలేదట. "ఇంకో చెవితో నీ ఇష్టమొచ్చింది విను, నేనేమన్నా వద్దన్నానా" అని కూడా అన్నారు. అది నిజమే, వద్దనలేదు. మా నల్లగండ్ల ఫ్లాటులో స్టవ్ ముందు నిలబడితే హాలు నాకు కుడివైపు వస్తుంది, అందుకని కుడి చెవి ఇంటికి వెళ్లింది. ఎడమ చెవి నాకు మిగిలింది. వైరు లేని బడ్ ఒకసారి ఉడుకుతున్న పప్పుచారులో పడ్డాక మళ్లీ వైరున్న ఇయర్‌ఫోన్లకే వచ్చేశాను. ఎడమది చెవిలో, కుడిది భుజం మీద వేలాడుతూ. కొన్నాళ్లకు అలా వినడమే వినడం అనుకున్నాను.

నేను వినేది నా సరదా కోసం అని మీరు అనుకోవచ్చు. మా ఆయన లోహిత్‌కి యూట్యూబ్‌లో ఒక ఛానల్ ఉంది, పేరు హెవీ లోహిత్. మన దగ్గర మెటల్ సంగీతం వాయించే కుర్రాళ్ల పాటల మీద తెలుగులో సమీక్షలు చెబుతాడు. అరవై వేల మంది చూస్తారు, అందరూ అన్నా అంటారు. కాకినాడలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు బ్యాండులో గిటారు వాయించేవాడట. ఆ గిటార్లు రెండూ ఇప్పుడు మా హాలు గోడకి ఉన్నాయి, శనివారం శనివారం వాటి దుమ్ము తుడవడం నా పని. ఛానల్ పెట్టిన మొదటి ఏడాది అతనే విన్నాడు, అతనే రాసుకున్నాడు. తర్వాత ప్రమోషన్ వచ్చింది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి ఇంటికి వచ్చేసరికి ఎనిమిది. "నువ్వు వంట చేస్తూ ఖాళీగానే ఉంటావుగా భానూ, విని పాయింట్లు రాసిపెట్టు" అన్నాడు. వంట చేస్తూ ఖాళీగా ఉండటం అనే మాట విని అప్పుడు నాకు నవ్వొచ్చింది. కొత్త కాపురం, నవ్వొచ్చేది.

పాయింట్లు పేరాలయ్యాయి, పేరాలు మొత్తం సమీక్షలయ్యాయి. నేను ఏ నిమిషం దగ్గర ఏమైందో రాస్తాను, అతను ఆదివారం పదకొండింటికి కెమెరా ముందు కూర్చుని చదువుతాడు. మధ్యలో రెండు జోకులు కలుపుతాడు. ఆ గంటన్నరా ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నప్పుడు సీరియల్ సౌండ్ ఒక్క గీత తగ్గించని అత్తగారు, కొడుకు రికార్డింగ్ అనగానే టీవీ ప్లగ్గే పీకేస్తారు. మా పాపని నేను బెడ్‌రూమ్‌లో రంగు పెన్సిళ్లతో కూర్చోబెడతాను. కుళాయి తిప్పను, మిక్సీ వేయను. నా వాక్యాలు అతని గొంతులో గోడకవతల వినిపిస్తుంటాయి. మొదట్లో అది కూడా ప్రేమే అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకుంటున్నానో అడగకండి, చెప్పడానికే ఇదంతా.

ఈ సంగీతం నాకు మొదట్లో తలనొప్పి. గొంతు అడుగునుంచి బొంగురుగా అరిచే ఆ పద్ధతి ఏమిటో, ఎవరి మీద అంత కోపమో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు సాయంత్రం పిన్నత్తగారి ముందు మా అత్తగారు "మా భాను ఉద్యోగం చేస్తుందన్నమాటే గాని, ఇల్లు నేను చూసుకోకపోతే అంతే" అన్నారు. పొద్దున్న అయిదింటికి లేచి టిఫిను, రెండు రకాల కూరలు, నాలుగు బాక్సులు, పాప జడ, అన్నీ చేసి ఆఫీసుకు వెళ్లి వచ్చి వాళ్లిద్దరికీ నేను పకోడీలు వేస్తున్నాను. ఎడమ చెవిలో ఎవడో అరుస్తున్నాడు. వాడు నా బదులు అరుస్తున్నాడని ఆ క్షణంలో నాకు తెలిసింది. అప్పటినుంచి ఆ సంగీతం నాది. లోహిత్‌కి ఎప్పుడూ అది నాదని చెప్పలేదు. చెబితే "చూశావా, నీకు నేనే అలవాటు చేశాను" అంటాడు.

ఆఫీసులోనూ నా రాతకు గిరాకీ ఎక్కువ. రాయదుర్గంలో ఒక పెద్ద అద్దాల బిల్డింగులో టెస్టింగ్ లీడ్‌ని నేను. తొమ్మిదిమంది ఉన్న మీటింగులో మా మేనేజర్ చుట్టూ చూసి "భానుశ్రీ, మినిట్స్ నువ్వు రాసెయ్, నీ ఇంగ్లీష్ బాగుంటుంది" అంటాడు. నేను మాట్లాడాల్సిన పాయింటు దగ్గరకు వచ్చేసరికి నేను పక్కవాడు మాట్లాడింది రాసుకుంటూ ఉంటాను. మినిట్స్‌లో నా పేరు ఎప్పుడూ ఉండదు, రాసేవాళ్ల పేరు అందులో ఎందుకుంటుంది.

ఈమధ్య రేకుల షెడ్డు అనే కొత్త బ్యాండు తొలి ఆల్బమ్ వచ్చింది, పేరు మూడో షిఫ్టు. నలుగురు పిల్లలు, ఒక్కరికీ పాతికేళ్లు లేవు. మూసాపేటలో ఉంటారు. గిటారు వాయించే రూబీ వాళ్ల నాన్న పౌలుగారికి బాలానగర్‌లో ఒక చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. ఆదివారం ప్రార్థన అయ్యాక, యంత్రాలు ఆగి ఉన్నప్పుడు, అక్కడే ప్రాక్టీసు, అక్కడే రికార్డింగు. అట్ట మీద ఫొటోలో వర్క్‌షాపు షట్టరు ముందు నలుగురూ నిలబడ్డారు. పాడే రాబిన్ మధ్యలో, చేతిలో గిటారుతో. కుడి కొసన రూబీ, జుట్టు బిగించి కట్టి, నల్ల గిటారు పట్టుకుని, నవ్వకుండా.

నేను దాన్ని మూడుసార్లు విన్నాను. సోమవారం సాంబారుతో, మంగళవారం చపాతీలతో, గురువారం పాప యూనిఫాంలు ఇస్త్రీ చేస్తూ. చాలా రోజుల తర్వాత నా వెన్నులో ఏదో కదిలింది. ముఖ్యంగా రెండో పాట. గిటారు ఒక మాట గట్టిగా అని హఠాత్తుగా ఆగిపోతుంది. నాలుగు దెబ్బలు డ్రమ్స్ మాత్రమే. మళ్లీ అంటుంది, మళ్లీ ఆగుతుంది. చెప్పబోయి మింగేసినట్టు. అది నాకెంత తెలిసిన సంగతో. నోట్సులో రాశాను: "ఈ ఖాళీలు నాకు అన్నిటికంటే నచ్చాయి. వీళ్లకు ఆగడం తెలుసు." కింద, పద్ధతిగా పని చేసేదాన్ని కాబట్టి, ఇంకో వాక్యం రాశాను: "రెండో గిటారు ఎక్కడా వినపడలేదు. రూబీ ఏం వాయించిందో తెలియలేదు."

ఆదివారం లోహిత్ కెమెరా ముందు కూర్చున్నాడు. నేను వంటింట్లో కుళాయి కట్టేసి నిలబడి ఉన్నాను. నా ఖాళీలు అతని నోట్లో ఇలా అయ్యాయి: "గిటారు మధ్యమధ్యలో ఆగిపోతోంది తమ్ముళ్లూ, ఖాళీలు నింపడం ఇంకా రాలేదు వీళ్లకి. ఇక రూబీ అని ఒకమ్మాయి ఉంది. ఆల్బమ్ మొత్తం వెతికాను, ఆమె గిటారు నాకు దొరకలేదు. ఫొటో బాగుంటుందని పెట్టుకున్నట్టున్నారు." అని నవ్వాడు. నాకు చురుక్కుమంది. చురుక్కుమన్న మాట నిజం, కానీ రికార్డింగ్ అయ్యాక అతను తలుపు తీసి "ఎలా వచ్చింది?" అంటే నేను ఎప్పుడూ అనేదే అన్నాను. బాగా వచ్చింది అన్నాను. తర్వాత కుక్కర్ పెట్టాను.

కామెంట్లు చూసుకునేదీ నేనే. పొద్దున్న ఆఫీసు క్యాబ్‌లో, లింగంపల్లి నుంచి గచ్చిబౌలి దాకా ట్రాఫిక్‌లో అన్నలా జవాబులు ఇస్తాను. థాంక్స్ తమ్ముడూ, లవ్ యూ రా, నెక్స్ట్ టైమ్ చూద్దాం. ఎనిమిదేళ్లుగా నేను అరవై వేలమందికి అన్నను. ఆ సోమవారం కామెంట్లు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయి. "మా బాలానగర్ మిషిన్ల సప్పుడు గిట్లనే ఉంటది అన్నా, మా నాయిన యాదికొచ్చిండు" అని ఒకతను రాశాడు. డ్రమ్స్‌కి దండం అని ఇంకొకరు. ఇవి పాటలా, వీధిలో బోరు వేస్తున్నారా అని ఒక పెద్దాయన. నాలుగో పాట విన్నాక మూడు రోజులు వేరే ఏదీ వినబుద్ధి కాలేదని విశాఖపట్నం నుంచి ఒకమ్మాయి. వాటి మధ్యలో మొదలైంది రూబీ సంగతి. ఎవరో ఆమెకి ఫొటో గిటారిస్టు అని పేరు పెట్టారు. గంటలో అందరూ అదే అంటున్నారు. "గా పిల్ల ఊకె నిలవడ్డదా ఏంది" అని ఒకడు. "గిటారు బదులు గరిటె ఇచ్చినా ఫొటోకి తేడా రాదు" అని ఇంకొకడు, దానికి రెండొందల లైకులు. నవ్వించే కామెంట్లకు ఛానల్ తరఫున హార్ట్ పెట్టమని లోహిత్ ఎప్పుడో చెప్పి ఉన్నాడు, చూసేవాళ్లు పెరుగుతారట. నా బొటనవేలికి ఆ పని అలవాటు. గరిటె మీద హార్ట్ పడ్డాక గాని నేను ఆ వాక్యాన్ని చదవలేదు. చదివాక కూడా తీయలేదు. క్యాబ్ ఆఫీసు ముందు ఆగింది, దిగిపోయాను.

మంగళవారం రూబీ రాసింది. తన పేరుతోనే, తన ఫొటోతోనే. "అన్నా, నేను రూబీని. మా పాటలల్ల కుడి దిక్కు ఉన్నదంతా నేనే వాయించిన. ఎడమ దిక్కు రాబిన్. అతనొక మాటంటే నేను దానికి జవాబు చెప్తా, గట్ల చేసినం. జర కుడి చెవుల పెట్టుకొని ఒక్కసారి వినుండ్రి."

తిట్టలేదు. ఏడవలేదు. ఒక్కసారి వినమంది. నేను ఆ కామెంటు చదువుతున్నప్పుడు స్టవ్ ముందే ఉన్నాను, కుడి ఇయర్‌ఫోన్ భుజం మీదే ఉంది. దాన్ని పట్టుకుని చూశాను. రెండు గిటార్లనీ చెరో చెవికి పంచి రికార్డు చేశారు, నేను ఒక చెవిలోదే విన్నాను. సరిగ్గా అప్పుడే అత్తగారు హాల్లోంచి ఇడ్లీ రవ్వ నానబెట్టావా అని అడిగారు. నానబెట్టానండీ అన్నాను.

వినాలి. ఆల్బమ్ మొత్తం, నలభై ఒక్క నిమిషాలు, రెండు చెవులతో. చెప్పడానికి సులువే. ఆ రాత్రి వంటయ్యాక పడుకునేదాకా మనసులో ఇల్లంతా తిరిగాను, ఎక్కడ కూర్చుంటే నలభై ఒక్క నిమిషాలు నన్నెవరూ పిలవరా అని. బెడ్‌రూమ్‌లో లోహిత్, రెండో గదిలో పాప, మూడోది అత్తగారిది, హాల్లో ఆవిడ టీవీ. బాల్కనీలోకి వెళితే ఎదురు ఫ్లాటావిడ పలకరిస్తుంది. బాత్రూమ్‌లో పదిహేను నిమిషాలు దాటితే తలుపు కొడతారు, ఒంట్లో బాగాలేదా అని. మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాటు, పేపర్ల మీద నా సంతకం కూడా ఉంది. అందులో గడియ పెట్టుకోవడానికి నాకొక మూల లేదు.

బుధవారం ఆఫీసులో మదర్స్ రూమ్ బుక్ చేశాను. పసిపిల్లల తల్లులు పాలు తీసుకోవడానికి ఇచ్చిన గది అది. మా ఫ్లోరులో బాత్రూమ్ కాకుండా, ఆడది లోపల్నుంచి గడియ వేసుకోగలిగిన గది అదొక్కటే. నా కూతురికి ఏడేళ్లు. దొంగతనంగా వెళ్లినట్టే వెళ్లాను. లోపల ఒక సోఫా కుర్చీ, చిన్న ఫ్రిజ్, గోడమీద బోసినవ్వుల పాప బొమ్మ. గడియ వేశాను. ముందు రూబీ అడిగినట్టే కుడిది ఒక్కటే పెట్టుకున్నాను.

నేను ఖాళీ అనుకున్నచోట ఆమె ఉంది. నాలుగు దెబ్బల డ్రమ్స్ మాత్రమే ఉన్నాయని నేను రాసిన ప్రతి చోటా ఉంది. గీరుకుపోయినట్టు, మొండిగా, ఒక్కోసారి వెక్కిరింపుగా. తర్వాత రెండూ పెట్టుకుని మళ్లీ మొదటినుంచి విన్నాను. ఎడమనుంచి రాబిన్ ఒక మాట అని ఆగుతాడు, కుడినుంచి ఆమె ఊరుకోదు, తిరిగి అంటుంది. రెండో పాట చివరికి వచ్చేసరికి అతను అడగడం మానేస్తాడు, ఆమె మాత్రం చెబుతూనే ఉంటుంది. నేను నచ్చిందని రాసుకున్న ఆ మింగేసిన మాట అసలు లేదు. ఆ పిల్ల ఏదీ మింగలేదు. మింగింది నేను. నాకు ఏడుపు ఆగలేదు. ఎనిమిదేళ్లలో నూట అరవై సమీక్షలు రాశాను, ఎంతమంది కుడివైపు నిలబడి ఏమేం వాయించారో, ఎవరెవరిని లేరని రాశానో నాకు తెలియదు. నా కుడి చెవికి తెలిసినవి వేరు. కుక్కర్ ఎన్ని కూతలు వేసింది, గ్యాస్ అతను బెల్లు ఎలా కొడతాడు, భానూ అన్న పిలుపులో ఏది కోపం ఏది తొందర, ఇవి దానికి నిద్రలో కూడా తెలుసు.

తలుపు కొట్టారు. పక్క టీమ్‌లో హర్షిణి అని కొత్తగా బాలింత సెలవు నుంచి వచ్చిన అమ్మాయి, చేతిలో చల్లదనం నిలిచే సంచీ, టాప్ ముందు తడి మరక కనపడకుండా చున్నీ కప్పుకుని నిలబడింది. "సారీ అక్కా, మీదయిపోయిందా?" అంది. నా చెవుల్లో వైర్లు, ఎర్రబడ్డ కళ్లు చూసింది. అయిపోయిందమ్మా అని బయటికి వచ్చాను. ఇంత పెద్ద బిల్డింగులో ఇద్దరు ఆడవాళ్లు ఒకే కుర్చీ కోసం ఒకళ్లకొకళ్లు సారీ చెప్పుకోవడం నాకు చాలా అవమానంగా అనిపించింది. ఆమెకీ అనిపించిందేమో, తలవంచుకుని లోపలికి వెళ్లి గడియ వేసుకుంది.

ఆ రోజు లోహిత్ ఇంట్లోంచే పని చేస్తున్నాడు. నేను వచ్చేసరికి ఆరు. బెడ్‌రూమ్ తలుపు దగ్గరగా వేసి చెప్పాను. రూబీ గిటారు ఉంది లోహిత్, కుడివైపు మొత్తం ఆమెదే, నేను ఎడమ చెవితో మాత్రమే విన్నాను అన్నాను. అతను ల్యాప్‌టాప్ మూశాడు.

"ఒక్క నిమిషం. అన్నీ ఇలాగే విన్నావా? ఇన్నేళ్లూ?"

అవునన్నాను. ఎందుకు అని అడుగుతాడనుకున్నాను. అడిగితే చెప్పడానికి దారంతా మాటలు కూర్చుకున్నాను. మీ అమ్మగారు ఒక చెవి అడిగారు, నేనిచ్చాను, నువ్వు పక్కనే ఉన్నావు, ఒక్కసారైనా ఈ వైరు ఇలా ఎందుకు వేలాడుతోందని అడగలేదు అని చెప్పాలనుకున్నాను. అతను అడిగింది వేరు.

"ఎవరికైనా చెప్పావా?"

అతని కంగారు నాకు తెలుసు. ఒక హెడ్‌ఫోన్ల కంపెనీ వాళ్లు శుక్రవారం అతనితో మాట్లాడతామన్నారు, వాళ్ల వీడియోలో అతని ముఖం పెట్టుకుందామని. అప్పటికే కామెంట్లలో "అన్నా, నీ కుడి చెవి పనిచేస్తలేదా" అని మొదలైంది. మూడొందలు దాటాయి. అతను ఒక్కటీ చదవలేదు, ఎప్పుడూ చదవడు, అవి నా పని. నేను చెబితే విన్నాడు. గదిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు.

"ఇంత సింపుల్ పని భానూ. వినడం. అది కూడా సగమేనా" అన్నాడు. అరవలేదు, అమ్మ ఉంది హాల్లో. "సరే అయిందేదో అయింది. మిక్సింగ్ తప్పని రాసెయ్. గిటార్లు మరీ ఇంత విడదీసి పెడితే ఫోన్ స్పీకర్లో వినేవాడికి ఏం తెలుస్తుంది, అనుభవం లేని పని అని. మర్యాదగా రాయి, చెల్లెమ్మా అను. నీకు వచ్చుగా. భోజనాల లోపు పెట్టేస్తే చాలు."

"ఫొటో కోసం అని నేను రాయలేదు" అన్నాను.

"అది జోక్. దాన్ని పట్టుకుంటావేంటి? తప్పు నువ్వు చేశావు, నువ్వే సరిచెయ్" అని మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచాడు.

డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఎదురుగా అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు, పాప లెక్కలు చేసుకుంటోంది. ఛానల్ తెరిచి రాయడం మొదలుపెట్టాను. "రూబీ చెల్లెమ్మా, నీ కష్టం నాకు తెలుసు. నేను కూడా గిటారు పట్టినవాడినే. కానీ వినేవాడి చెవి దాకా చేర్చే బాధ్యత వాయించేవాళ్లదే. నీ వాయిద్యం ఉండి కూడా వినపడలేదంటే లోపం ఎక్కడుందో నువ్వే ఆలోచించు. అన్నగా చెబుతున్నా." చదువుకున్నాను. చాలా బాగా వచ్చింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. అది అబద్ధమని తెలిసి కూడా, చదువుతుంటే నాకే నమ్మబుద్ధేసింది. వినపడలేదంటే లోపం నీదే. ఈ వాక్యం నేను కొత్తగా రాసిందేమీ కాదు, ఇంట్లోనూ ఆఫీసులోనూ నాకు చెప్పిందే. మీటింగులో గట్టిగా చెప్పాలిగా అంటాడు మేనేజర్. అడగందే ఎవరికి తెలుస్తుందమ్మాయ్ అంటారు అత్తగారు. ఇప్పుడు నేను దాన్ని తీసుకెళ్లి ఇరవై రెండేళ్ల పిల్ల చేతిలో పెట్టబోతున్నాను. అది చదివి ఆ పిల్ల ఆదివారం వర్క్‌షాపుకు వెళుతుంది. వాయించడానికి ముందు తన చేతిని తనే అనుమానంగా చూసుకుంటుంది. అరవై వేలమంది ముందు తన పేరుతో నిలబడి, నా వైపు కూడా ఒక్కసారి వినండి అని అడిగిన పిల్ల. నేను కాక ముగ్గురే ఉన్న ఈ ఇంట్లో ఎనిమిదేళ్లలో ఆ మాట ఒక్కసారైనా అడగలేదు.

"అమ్మాయ్, లోహిత్‌కి టీ ఇచ్చావా?" అన్నారు అత్తగారు, ఈనె తీస్తూనే.

"ఇస్తానండీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చేసినందుకు నా మీద నాకు అసహ్యం వేసింది. రాసిందంతా చెరిపేశాను. ఎంత రాశాను ఎనిమిదేళ్లలో, ఇంత కష్టపడి ఏదీ రాయలేదు. ప్రతి వాక్యం దగ్గరా అన్న గొంతు వచ్చి కూర్చుంటోంది, తోసేసి రాయాల్సి వచ్చింది. రూబీ రాసినదాని కిందనే పెట్టాను.

"రూబీగారూ, ఈ ఛానల్లో మాట్లాడేది లోహిత్. విని రాసేది నేను, ఆయన భార్యను. మీ ఆల్బమ్‌ని నేను వంట చేస్తూ ఎడమ చెవితో మాత్రమే విన్నాను, కుడి చెవి ఇంటిపనిలో ఉంది. మీ గిటారు వినపడలేదని రాసింది నేనే, అది నా తప్పు. ఫొటో కోసం అన్న మాట నేను రాయలేదు, కానీ అది విని బాగా వచ్చిందన్నాను, గరిటె మాటకి హార్ట్ కూడా పెట్టాను, అవీ నా తప్పులే. ఇప్పుడు తీసేశాను. ఈరోజు రెండు చెవులతో విన్నాను. మీ మిక్సింగ్‌లో లోపం లేదు. రెండో పాటలో మీరు చెప్పిన జవాబు గురించి రాస్తాను, నా పేరుతో. ఇట్లు, భానుశ్రీ."

ధైర్యం వచ్చిందని చెప్పను, రాలేదు. ఈ ఇంట్లోనే ఉండాలి, రేపు పొద్దున్న ఇదే స్టవ్ ముందు నిలబడాలి, పాపకి జడ వేయాలి. లోహిత్ కొన్నాళ్లు మాట్లాడడు, అత్తగారు పిన్నత్తగారికి ఫోను చేసి మెల్లగా చెబుతారు. శుక్రవారం కాల్ పోతే అది జీవితాంతం నా ఖాతాలోనే ఉంటుంది. అన్నీ తెలిసే నొక్కాను. నొక్కి, లేచి, టీ పెట్టడానికి వెళ్లకుండా మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాను.

పది నిమిషాలు పట్టింది. బెడ్‌రూమ్‌లో అతని ఫోను మోగడం, మళ్లీ మోగడం, వరసగా మెసేజ్‌లు రావడం వినపడింది. ఫోను చేతిలో పట్టుకుని బయటికి వచ్చాడు. తల్లి వైపు చూసి, గొంతు తగ్గించి, "ఏంటిది? తీసెయ్ ముందు" అన్నాడు. నేను కదల్లేదు. రెండోసారి అనలేదు, తనే తీసేద్దామని టేబుల్ పక్కన నిలబడి ఛానల్ తెరిచాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు. కామెంట్లలోకి అతను ఎప్పుడూ వెళ్లలేదు కదా, దారి తెలియదు. ఈ ఇంట్లో ఏది ఎక్కడుందో అతనికి ఎప్పుడూ నేనే చెబుతాను. సాక్సు, ఆధార్ జిరాక్సులు, నెయిల్ కట్టర్, పాప టీకాల కార్డు, అన్నీ.

"ఎక్కడుందది, భానూ?"

తీసేస్తాడు, నాకు తెలుసు. ఎంతసేపు పని. కానీ దాని దగ్గరికి చేరాలంటే విశాఖపట్నం అమ్మాయినీ, తండ్రిని గుర్తు చేసుకున్న బాలానగర్ అతన్నీ, కుడి చెవి గురించి అడిగినవాళ్లనీ, అందరినీ దాటుకుంటూ వెళ్లాలి. అత్తగారు ఈనెలు తీయడం ఆపి నా వంక చూస్తున్నారు.

"రూబీ రాసినదాని కింద ఉంది" అన్నాను. "చదువుకుంటూ వెళ్లు."